పాత ఆటోమేటిక్ బెంజ్‌ను మాన్యువల్‌గా మార్పించుకోబోయే విశాఖవాసులకు హెచ్చరిక

విశాఖపట్నంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పాత వెనుక చక్రాల డ్రైవు కార్లను, ముఖ్యంగా 1995 తర్వాత పుణెలో తయారైన మెర్సిడెస్ బెంజ్ డబ్ల్యూ-124 వంటివాటిని ఇష్టంగా కాపాడుకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయిందని, మాన్యువల్ పెట్టిస్తే పీడ విరగడవుతుందని ఎవరైనా మీకు చెప్పి ఉంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు దయచేసి దీన్ని చివరిదాకా చదవండి. డబ్బు నష్టం ఒక ఎత్తయితే, ఆ పని వల్ల నా కారు ప్రమాదకరంగా మారడం మరో ఎత్తు. విషయం లీగల్ నోటీసు దాకా వెళ్లింది కాబట్టి గ్యారేజీ పేరు ఇక్కడ రాయడం లేదు.

నాది డబ్ల్యూ-124 తరానికి చెందిన 1996 నాటి ఈ-220, నాలుగు గేర్ల ఆటోమేటిక్. గత ఏడాది నుంచి గేర్లు ఆలస్యంగా, పెద్ద కుదుపుతో పడడం మొదలైంది. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తున్నా పై గేరు పడేది కాదు. గ్యారేజీవారు కారును ఒక చుట్టు తిప్పి, గేర్‌బాక్స్ లోపల పూర్తిగా అరిగిపోయిందని, విడిభాగాలు దొరకవని, ఇదే మోడల్ మన దేశంలో మాన్యువల్‌గా కూడా వచ్చింది కాబట్టి తుక్కుకు వెళ్లిన ఒక కారు నుంచి పూర్తి సెట్టు తెచ్చి బిగిస్తామని చెప్పారు. మొత్తం 1,85,000 రూపాయలకు ఒప్పందం కుదిరింది, అందులో లక్ష ముందే తీసుకున్నారు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఈ కార్లలో ఉండే 722.4 తరహా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు ఇంజన్ ఇన్‌టేక్ నుంచి ఒక సన్నని వాక్యూమ్ గొట్టం వెళ్లి, గేర్‌బాక్స్ పక్కనే ఉండే మాడ్యులేటర్ అనే చిన్న డబ్బీకి కలుస్తుంది. గేరు ఎంత మెత్తగా పడాలన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ రబ్బరు గొట్టం పగిలినా, మాడ్యులేటర్ లోపలి పొర చిరిగినా గేర్లు ఆలస్యంగా, గట్టిగా పడతాయి. గేర్‌బాక్స్ చచ్చిపోయిందనడానికి ముందు చూడవలసిన మొదటి చోటు అదే. ఆ తర్వాత ఆయిల్ మట్టం, ఆయిల్ రంగు, వాసన చూడాలి. మా గ్యారేజీలో వీటిలో ఏదీ చూడకుండానే గేర్‌బాక్స్ దింపేశారు. పాత గేర్‌బాక్స్‌ను నాకు తిరిగి ఇవ్వమని అడిగితే తుక్కులో పోయిందన్నారు. అంటే నిజంగా పోయిందో లేదో తేల్చుకునే దారి కూడా మూసుకుపోయింది. దాన్ని తిరిగి తీసుకోవడం మీ హక్కు. పని మొదలయ్యేటప్పుడే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

కారు చేతికి వచ్చాక గంటకు 70 కిలోమీటర్లు దాటగానే సీటు కింద వణుకు మొదలైంది. క్లచ్ తొక్కి పట్టుకుంటే లోపల ఏదో గీసుకుంటున్న చప్పుడు వచ్చేది, రివర్సు గేరు కరకరలాడకుండా పడేది కాదు. అడిగిన ప్రతిసారీ కొత్త క్లచ్ ప్లేటు సర్దుకునేదాకా అలాగే ఉంటుందని సమాధానం చెప్పారు. ఒక ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, కారు మొదటి గేరులో ఉండగా, క్లచ్ పెడల్‌ను నేల దాకా తొక్కి సెల్ఫ్ కొట్టాను. కారు ఒక్కసారిగా ముందుకు దూకి ఎదుటి స్తంభానికి గుద్దుకుంది. క్లచ్ తొక్కి ఉంటే ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోవాలి, కానీ తెగలేదు. రోజూ ఆ సమయంలో స్కూలు బస్సు కోసం పిల్లలు అదే స్తంభం దగ్గర నిలబడతారు. ఆ రోజు సెలవు కాబట్టి అక్కడ ఎవరూ లేరు. అప్పటి నుంచి కారును నడపలేదు, లారీ మీద ఎక్కించి ఆటోనగర్‌లో పాత బెంజ్‌లే చూసే మరో మెకానిక్ దగ్గరకు పంపాను.

ఆయన బానెట్ ఎత్తగానే బ్రేక్ ఆయిల్ డబ్బా చూపించారు. ఈ కార్లలో క్లచ్‌కు కూడా ఆయిల్ ఆ డబ్బా నుంచే రావాలి. మాన్యువల్ కారు డబ్బాకు దానికోసం ప్రత్యేకంగా ఒక మూతి ఉంటుంది. నా డబ్బాకు పక్కన డ్రిల్లుతో రంధ్రం పెట్టి, ఒక గొట్టం దూర్చి, చుట్టూ ఎం-సీల్ అంటించారు. దాని అంచు పగిలి, కిందికి తడిగా చార కట్టింది, ఆ చార వెంబడి కింద రేకు రంగు పొరలుగా లేచిపోయింది. బ్రేక్ ఆయిల్‌కు రంగును తినేసే గుణం ఉంది. ఆ సందులోంచి గాలి క్లచ్ లైనులోకి వెళ్లడం వల్లే పెడల్ నేలను తాకినా క్లచ్ పూర్తిగా విడలేదని ఆయన తేల్చారు. నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి: కారుతున్నది బ్రేకులకు కూడా ఆయిల్ ఇచ్చే డబ్బా. ఈ స్థితిలో కారును అనంతగిరి ఘాట్‌లో దించి ఉంటే ఏమయ్యేదో నేను వివరించనవసరం లేదు.

గేర్‌బాక్స్ దించాక ఇంజన్ నుంచి శక్తి బయటికి వచ్చే క్రాంక్ షాఫ్ట్ చివర ఉండాల్సిన పైలట్ బేరింగ్ లేనే లేదని బయటపడింది. గేర్‌బాక్స్ నుంచి ముందుకు వచ్చే షాఫ్ట్ కొనను పట్టి ఉంచేది ఈ చిన్న బేరింగే. ఆటోమేటిక్‌లో ఆ స్థానంలో, క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ కూర్చుంటుంది కాబట్టి ఈ బేరింగ్ అవసరం ఉండదు, చాలా కార్లలో కంపెనీయే ఆ గూటిని ఖాళీగా వదిలేస్తుంది. అందుకే మార్పిడి చేసేవారు దాన్ని గుర్తుపెట్టుకుని కొని వేయాలి. వేయకపోతే షాఫ్ట్ కొన ఊగిసలాడి, ముందు చప్పుడు, తర్వాత గేర్లు పడకపోవడం, చివరికి గేర్‌బాక్స్ ముందు బేరింగే పోవడం జరుగుతుంది. ఖరీదులో ఇది మొత్తం పనిలో లెక్కలోకి రాని వస్తువు, కానీ దీన్ని వేయాలంటే గేర్‌బాక్స్ మొత్తం మళ్లీ దించాలి.

వణుకుకు కారణం ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే పొడవాటి కడ్డీ. ఆటోమేటిక్, మాన్యువల్ గేర్‌బాక్స్‌ల పొడవులు ఒకటి కావు, కాబట్టి మాన్యువల్ కారు షాఫ్ట్‌నే తేవాలి. వీరు పాత షాఫ్ట్‌నే కోసి, పొడవు సరిచేసి వెల్డింగ్ పెట్టి, బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించారు. వెల్డింగ్ గీత కంటికే వంకరగా కనిపిస్తోంది. షాఫ్ట్ మధ్యలో ఉండే రబ్బరు బేరింగ్ కూడా ఆ వణుకుకు చిరిగిపోయింది. ఇక మాడ్యులేటర్ గొట్టానికి మూత పెట్టడానికి బదులు అందులో ఒక బోల్టు దూర్చి వదిలేశారు, ఆ సందులోంచి గాలి చొరబడుతోంది, ఇంజన్ ఐడిలింగ్ నిలకడగా లేకపోవడానికి అదే కారణం. ఆటోమేటిక్ ఆయిల్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌కు వెళ్లే రెండు గొట్టాలను సగంలో కోసి వేలాడదీశారు. వెనుక రివర్సు లైట్లు వెలగడం లేదు. ఎందుకంటే ఆటోమేటిక్‌లో ఆ లైట్లనూ, పార్కు, న్యూట్రల్‌లలో తప్ప సెల్ఫ్ తిరగకుండా ఆపే పనినీ చూసుకునే స్విచ్చును పీకేసి, సెల్ఫ్ వైర్లు రెండింటినీ కలిపి నల్ల టేపు చుట్టారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే: ఈ పనిలో గేర్‌బాక్స్ అనేది కంటికి కనిపించే భాగం మాత్రమే, దాన్ని చూపించి నమ్మించడం సులభం. మీ డబ్బు, మీ భద్రత ఆధారపడేది ఫ్లైవీల్ (ఇంజన్ చివర క్లచ్ బిగించే బరువైన చక్రం), దానికి సరిపడే పొడవున్న బోల్టులు, పైలట్ బేరింగ్, పెడల్ ఒత్తిడిని ఆయిల్ ద్వారా క్లచ్‌కు చేరవేసే మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, పెడల్ సెట్టు, ఆయిల్ డబ్బా, గేర్‌బాక్స్‌ను కింద మోసే క్రాస్ మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్ట్ వంటి వాటి మీద. పాత గేర్‌బాక్స్ దించక ముందే ఇవన్నీ ఒక చోట పరిచి చూపించమని అడగండి, ఫొటోలు తీసుకోండి, కొటేషన్‌లో ఒక్కో వస్తువు పేరూ విడిగా రాయించండి. "కంప్లీట్ సెట్" అన్న రెండు మాటలతో ముగిసే కొటేషన్‌కు అడ్వాన్సు ఇవ్వకండి. ఫ్లైవీల్ గురించి ప్రత్యేకంగా అడగండి. చాలా ఇంజన్లలో ఇంజన్ తిరిగే వేగాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ ఫ్లైవీల్ అంచునే చదువుతుంది, కాబట్టి తప్పు ఫ్లైవీల్ వేస్తే ఇంజన్ సరిగా పనిచేయదు. ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ స్థానంలో ఉండే పాత ప్లేటుతో పోల్చి కొత్త ఫ్లైవీల్‌ను బ్యాలెన్సు చేయించారా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. సామాను ఏ కారు నుంచి వచ్చిందో బిల్లు లేకపోతే, అది దొంగ సామాను కాదని మీకు తెలిసే మార్గం ఉండదు.

ఇప్పటికే మార్చిన కారును కొనబోతున్నవారు కూడా జాగ్రత్తపడాలి. కారును ర్యాంపు ఎక్కించి షాఫ్ట్‌కు వెల్డింగ్ ఉందేమో చూడండి. రివర్సు లైట్లు వెలిగించి చూడండి. ఖాళీ చోట హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ నేల దాకా తొక్కి మొదటి గేరులో సెల్ఫ్ కొడితే కారు కదలకూడదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. కాబట్టి పని మొదలుపెట్టక ముందే మన రవాణా శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకి కూడా లేఖ రాసి జవాబు దగ్గర ఉంచుకోండి. 15 ఏళ్లు దాటిన కార్లకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పదు, ఆ తనిఖీలో బ్రేకులు, లైట్లు చూస్తారు.

ఇప్పటికే ఇలా నష్టపోయినవారు ఊరుకోవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, అయితే కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే ముందుగా దారి చెబుతారు. డబ్బు ఫోన్‌లో పంపిన రుజువు, వాట్సాప్‌లో వారు పంపిన మాటలు, విప్పినప్పటి ఫొటోలు, రెండో మెకానిక్ సంతకంతో రాసిచ్చిన నివేదిక, ఇవన్నీ నా లాయరు నోటీసుకు జతచేశారు. గ్యారేజీ నుంచి ఇంకా జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా, కమిషన్‌లో ఫిర్యాదు వేశాక దాని సంగతి ఇక్కడే రాస్తాను.