ఆంట్రప్రెన్యూర్‌షిప్ కోర్సులో 16 వాక్యాల భావోద్వేగ పరీక్ష పనికొస్తుందా?

భావోద్వేగ ప్రజ్ఞను కొలవడానికి పరిశోధకులు వాంగ్, లా 2002లో ప్రచురించిన ప్రశ్నావళి (డబ్ల్యూఎల్‌ఈఐఎస్) ఇది. ఇందులో ముందుగా నచ్చేది దాని పరిమాణం. ఉన్నవి 16 వాక్యాలే, ఒక్కోదానితో ఎంత ఏకీభవిస్తారో 1 నుంచి 7 దాకా మార్కు. తన భావాలను గుర్తించడం, ఎదుటివారివి పసిగట్టడం, భావాలను పనికి మళ్లించడం, అదుపులో పెట్టుకోవడం అని నాలుగు విభాగాలు. ఇదే ప్రజ్ఞను కొలిచే 141 ప్రశ్నల ఎంఎస్‌సీఈఐటీ పరీక్ష కంటే తరగతి గదికి ఇదే అనువు.

అసలు లోపం, ఇది విద్యార్థి తన గురించి తాను చెప్పుకునేది కావడం. గ్రేడుకు ముడిపెట్టారా, అందరూ తమకు 6, 7 వేసేసుకుంటారు. మార్కులన్నీ కలిపి ఒకే అంకె చెప్పడం ఇంకా పెద్ద పొరపాటు. ఎదుటివారిని ఇట్టే చదవగలిగినా కోపం ఆపుకోలేని విద్యార్థికీ, సరిగ్గా దానికి తలకిందులుగా ఉన్నవారికీ ఒకే మొత్తం రావచ్చు. మొదటివారికి కస్టమర్ ఇంటర్వ్యూలు నల్లేరు మీద నడక, ఇన్వెస్టర్ కాదన్నప్పుడే చిక్కు. విభాగాలవారీగా సగటు తీయాల్సిందే.

టీములు కట్టిన రోజే ఒకసారి నింపించండి. మూడు వారాలు కలిసి పనిచేశాక, ఎదుటివారి భావాలు, అదుపు విభాగాల్లోని 8 వాక్యాలను ‘నేను’ బదులు ‘తను’ అని మార్చి, సహచరుల చేత పేర్లు లేకుండా నింపించండి. టీములో కనీసం నలుగురుండాలి. ఇద్దరే అయితే ఎవరేం రాశారో దాగదు. విద్యార్థి తనకు వేసుకున్న సగటుకూ, సహచరులు వేసిన సగటుకూ మధ్య తేడా సుమారు 1.5 దాటితే అధ్యాపకులు ఆ విద్యార్థితో విడిగా కూర్చుని మాట్లాడాలి. ఆ అంకెలు తరగతి ముందు చదవొద్దు, దయచేసి. కోర్సులో సీటివ్వడానికి వడపోతగానూ వాడొద్దు.