బందరు రోడ్డు నుంచి చుండూరు దాకా

1992లో ఫ్రెడ్ విల్సన్ అనే నల్లజాతి కళాకారుడు బాల్టిమోర్‌లోని ఒక మ్యూజియంలో నగిషీ చెక్కిన వెండి పాత్రల మధ్య బానిసల ఇనుప సంకెళ్లు పెట్టి, ‘లోహపు పని, 1793–1880’ అని చీటీ అంటించాడు. ఆ సంకెళ్లు అంతకు ముందు నుంచీ ఆ మ్యూజియం దగ్గరే ఉన్నాయి, జనానికి చూపలేదంతే. ఆ సంగతి చదివినప్పటి నుంచి ఏ మ్యూజియానికి వెళ్లినా, అద్దాల వెనక లేనిదేమిటని వెతుక్కోవడం నాకు అలవాటైంది. ఈసారి మూడు రోజులు విజయవాడ, గుంటూరు వైపు అలాగే తిరిగాను.

గాంధీనగర్‌లో స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది కానీ వీధి చప్పుడుకు తెల్లవార్లూ నిద్ర లేదు. వెనక వైపు గది అడిగి తీసుకోండి.

మొదట బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చూశాను. పాత విక్టోరియా జూబిలీ భవనమే 2020లో కొత్త హంగులతో మళ్లీ తెరుచుకుంది. అల్లూరు నుంచి వచ్చిన పాలరాతి రంగు బుద్ధుడి ముందు చాలాసేపు నిలబడిపోయాను. కత్తుల అర దగ్గర మాత్రం విల్సన్ గుర్తొచ్చాడు. ఆ కత్తుల ఒరలకు తోలు పదును చేసినవారి వస్తువులు, యుద్ధానికి డప్పు కొట్టినవారి వస్తువులు ఏమైనా పక్కన ఉంటే ఆ అర ఎంత మారిపోయేదో! ఒక్క డప్పు చాలు.

స్వరాజ్ మైదానంలోని అంబేడ్కర్ స్మృతివనానికి సాయంత్రం వెళ్లండి. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, 2024 జనవరిలో ఆవిష్కరించారు. పిల్లలను ఎత్తుకుని పైకి చూపిస్తున్న తల్లులను చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. 1946లో అంబేడ్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అంటరానివారి స్థితికీ నల్లవారి స్థితికీ ఎంతో పోలిక ఉందని, వారి గురించి చదవడం తనకు అవసరమని అందులో చెప్పారు. డుబోయిస్ జవాబు కూడా రాశారు. ఆ రెండు ఉత్తరాలనూ తెలుగులోకి తెచ్చి ఈ ఊళ్లో ఒక గది నిండా ప్రదర్శించాలని నా కోరిక. న్యూయార్కులో నల్లజాతి కళ కోసం నడిచే హార్లెం స్టూడియో మ్యూజియం కళాకారులకు పని చేసుకునే చోటు, అంటే స్టూడియో, ఇస్తుంది, దానికి ఆ పేరు అందుకే వచ్చింది. అటువంటి చోటు మన తోలుబొమ్మల వారికీ డప్పు కళాకారులకూ దొరికితే ఆ గదిలో ఏం పెట్టాలో వారే తేల్చగలరు.

మూడో రోజు బస్సులో గుంటూరు, అక్కడి నుంచి తెనాలి మీదుగా చుండూరు వెళ్లాను. ఎండ మండిపోతోంది, ఆటో బేరం ముందే మాట్లాడుకోవాలి, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. 1991 ఆగస్టు 6న ఇక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. విచారణకు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. చనిపోయినవారిని ఖననం చేసిన నేలను రక్తక్షేత్రం అంటారు. టికెట్టు లేదు, గైడు లేడు. ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే. కెమెరా సంచిలోంచి తీయలేదు. మీరు వెళ్తే చెప్పులు విడిచి, ఆ ఊరివాళ్లను అడిగి లోపలికి వెళ్లండి.