భీమిలి బీచ్ రోడ్ ప్యాకేజీ: ‘కవర్ చేస్తాం’ అంటే చూపిస్తారనుకోకండి

హైదరాబాద్ నుంచి రైల్లో వైజాగ్ వెళ్లి, ఒక్క రోజులో బీచ్ రోడ్ వెంట భీమిలి దాకా కారులో తిరిగొద్దామని ప్యాకేజీ చూస్తున్నారా? ఇది చదివాక డబ్బు కట్టండి.

మా మామగారు రిటైరైన సోషల్ మాస్టారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు భీమిలిలో వర్తకం పెట్టుకున్నారని ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పారు గానీ, అక్కడున్న వాళ్ల సమాధులు ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన కోసమే ఈ ట్రిప్. అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో 7,800కి బేరం కుదిరింది. ఇన్నోవా, గైడు, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం టికెట్లు, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అన్నీ అందులోనే అన్నారు. డబ్బంతా ముందే ఫోన్‌పే చేయమన్నారు, అదీ ఎవరిదో సొంత నంబరుకి. బిల్లు అడిగితే ‘వాట్సాప్‌లో పంపిస్తాం సార్’. ఇప్పటికీ రాలేదు.

సోమవారం పొద్దున గోదావరి దిగేసరికి స్టేషన్ బయట ఇన్నోవా లేదు, పాత డిజైర్ ఉంది. మేం ఐదుగురం. పైగా తెల్ల నంబర్ ప్లేటు. టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుండాలి. సొంత బండిని కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారు. నాకు ఈ సంగతి తెలుసు. తెలిసీ ఎక్కాను, పిల్లలు ఆకలని గోల పెడుతున్నారు మరి. గైడు ఏడయ్యా అంటే ‘నేనే సార్’ అన్నాడు డ్రైవరు.

కురుసుర దగ్గరికి వెళ్తే గేటు మూసి ఉంది. సోమవారం దానికి సెలవట! సోమవారానికే బుక్ చేసి, టికెట్ల డబ్బు కూడా తీసుకున్నవాళ్లకు ఆ ముక్క తెలియదా? అక్కడి నుంచి జీడిపప్పు కొట్టు, గవ్వల బొమ్మల కొట్టు, ఇంకో చీరల షాపు. మేం అడగలేదు. రెండు గంటలు వాటికే పోయాయి.

తొట్లకొండ అంటే కింద రోడ్డు మీద బోర్డు చూపించాడు. 1976లో నేవీ వాళ్లు స్థలం సర్వే చేస్తుంటే బయటపడ్డ బౌద్ధారామం అది, నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరు. ఇదంతా మామగారు బండిలో కూర్చునే మాకు చెప్పారు, గైడు పాట పెట్టుకున్నాడు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర బండి కాస్త స్లో చేసి ‘ఇది కవర్ అయిపోయింది సార్’ అన్నాడు. అప్పుడు తీసి చూశాను ట్రావెల్స్ వాళ్లిచ్చిన ప్యాకేజీ కాగితం. ప్రతి చోటు పక్కనా ‘కవర్డ్’ అనే ఉంది. దిగి చూడటం అని ఎక్కడా లేదు.

భీమిలి చేరేసరికి నాలుగు దాటింది. సమాధుల దగ్గర మామగారు ఒక రాతి మీది అక్షరాలు వేలితో తడుముతూ చదువుతున్నారు, బయట నుంచి ఒకటే హారన్. కిలోమీటర్లు దాటిపోతున్నాయట. ఎలా దాటుతాయి? మా ప్యాకేజీ 8 గంటలు, 80 కిలోమీటర్లు. సిటీ నుంచి భీమిలి ముప్పై లోపే, రానూ పోనూ అరవై. కానీ అడుగున చిన్న అక్షరాల్లో ‘గ్యారేజ్ టు గ్యారేజ్’ అని ఉంది. ఆ గ్యారేజేమో భీమిలికి ఎదురు దిక్కున, సిటీకి అవతల గాజువాకలో! మీటరు అక్కడ మొదలై అక్కడే ఆగుతుంది. కొట్ల చుట్టూ తిప్పిన గంటలు కూడా మా ఖాతాలోకే. రాత్రి స్టేషన్ దగ్గర ఇంకో 1,900 అడిగాడు. రైలు టైమైంది, వాదించే ఓపిక లేక ఇచ్చేశాను.

మీరు బుక్ చేస్తుంటే మీటరు ఎక్కడ మొదలవుతుందో, ఏ చోట ఎంతసేపు దిగనిస్తారో రాయించుకోండి. బండి నంబరు ముందు రోజే తెప్పించుకోండి. సగానికి మించి అడ్వాన్స్ ఇవ్వకండి. అసలు భీమిలి ఒక్కటే చాలనుకుంటే వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండ్) నుంచి సిటీ బస్సులున్నాయి, అవి జీడిపప్పు కొట్ల దగ్గర ఆగవు.

వచ్చాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఫోన్‌పే రసీదూ ఆ కాగితం ఫొటో పంపాను. రెండు రోజులకు ట్రావెల్స్ నుంచి ఫోన్. నేను పెట్టిన రివ్యూ తీసేస్తే 1,500 వెనక్కి ఇస్తారట. తీయలేదు.