బీల గట్టు మీద ఒక రోజు, తంపర పక్కన ఒక పూట

శ్రీకాకుళం జిల్లాకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని వెనక్కి తిరుగుతారు. మేమూ రెండుసార్లు అలాగే వచ్చేశాం. ఈసారి జనవరిలో మా అక్క, నేను పలాస దాటి సోంపేట దాకా వెళ్లాం. అక్కకు తేలినీలాపురం పక్షుల మీద మనసు. నాకు సోంపేట దగ్గరి చిత్తడి నేల బీల చూడాలని కోరిక. 2010 జులై 14న అక్కడ థర్మల్ ప్లాంటుకు ఎదురుతిరిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ప్రాణాలు పోయాయి. ఆ వార్త వెంటే మా చుట్టుపక్కల పెద్దలు పదేపదే అన్న మాట ఒకటి గుర్తుంది: "పల్లెటూరివాళ్లకు ఏం తెలుసు, బయటివాళ్లు వచ్చి రెచ్చగొట్టారు." ఆ బయటివాళ్ల గురించి ఆ ఊళ్లవాళ్లు ఏమనుకున్నారో వాళ్ల నోటితోనే వినాలని అప్పటి నుంచి ఉంది.

ముందుగా వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాట. సోంపేట అని పేరున్న రైల్వే స్టేషను సోంపేటలో లేదు, కంచిలిలో ఉంది. అక్కడి నుంచి ఊళ్లోకి ఆటో పట్టుకోవాలి. తెల్లవారుజామున దిగితే అడిగినంత ఇవ్వక తప్పదు కాబట్టి వెలుగు వచ్చాక చేరే రైలు చూసుకోండి. సోంపేటలో మేము రెండు రాత్రులు ఉన్న లాడ్జి గది శుభ్రంగానే ఉంది. దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్లు మాత్రం రెండు రోజులూ రాలేదు, అడిగితే "ఇప్పుడే వస్తాయమ్మా" అన్నారు తప్ప మనిషి కదల్లేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పలాసలో దిగి పొద్దున్నే బస్సులో సోంపేటకు రావడం మేలు. పలాసలో గదులు ఎక్కువ, భోజనం నయం, పైగా జీడిపప్పు కొనుక్కోవచ్చు. సోంపేట బస్టాండు దగ్గర ఒక తల్లీకూతుళ్లు నడిపే చిన్న హోటల్లో పనసకాయ కూరతో తిన్న భోజనం ఇప్పటికీ నోట్లో ఉంది.

ఇక బీల. ఫొటోలు చూసి ఏదో చెరువు అనుకుని వెళ్లకండి. ఉద్దానం మెట్టకూ సముద్రానికీ నడుమ లోతుగా పడుకున్న నేల అది. కొండవైపు నుంచి దిగిన వాననీరు అక్కడ నిలుస్తుంది. చుట్టూ ఊళ్లకు వరి, చేప, జమ్ము, పశువులకు మేత, అన్నీ అదే. గట్టు మీద నడుస్తుంటే ఒక పక్క కోత అయిపోయిన మడులు, ఇంకో పక్క కొంగలు, వల భుజాన వేసుకుని మోకాళ్ల లోతులో నడిచిపోతున్న మనుషులు. ఇలాంటి నేలను ప్లాంటు కాగితాల్లో దేనికీ పనికిరాని బీడుగా చూపించారు. అక్కడ నిలబడి ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండింది. 2,640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు వచ్చి ఉంటే నేను నడుస్తున్న గట్టు ఉండేది కాదు.

గట్టు మీద ఒక పెద్దాయన గేదెలను మేపుతూ కనిపించారు. ఎక్కడి నుంచి వచ్చారమ్మా అంటే విజయవాడ అని చెప్పాను. "పేపరా? టీవీయా?" అని అడిగారు. రెండూ కాదు, ఊరికే చూడటానికి వచ్చామంటే కాసేపు నమ్మలేదు. అక్క తన సంచిలోంచి అరటిపళ్లు తీసి ఇచ్చాక మాటలు మొదలయ్యాయి. బయటివాళ్ల సంగతి నేను ఎత్తగానే ఆయన అన్నది ఇది: "కంపెనీ మా ఊరిదా తల్లీ? పోలీసులు మా ఊరివాళ్లా? వాళ్లను ఎవరూ బయటివాళ్లు అనలేదు. మాకు సాయం వచ్చినవాళ్లకే ఆ పేరు పెట్టారు."

అలాగని వచ్చిన ప్రతివాళ్లనూ ఆయన నెత్తిన పెట్టుకోలేదు. ఆయన లెక్కలో వాళ్లు రెండు రకాలు. జెండాతో కారు దిగి, మైకు పట్టుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోయినవాళ్లు ఒక రకం. వాళ్ల పేర్లు ఆయనకు గుర్తు లేవు. కాగితాలు పట్టుకుని వచ్చి ఇది మీ సర్వే నంబరు, ఇక్కడ ఇలా రాశారు, దీని మీద ఇక్కడ అర్జీ పెట్టాలి అని కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఇంకో రకం. "శర్మగారు" అన్నప్పుడు ఆయన గొంతు మారింది. విశాఖలో ఉండే ఇ.ఎ.ఎస్. శర్మగారి గురించి. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఆ మనిషే కరెంటు ప్లాంటుకు ఈ చోటు తగదని వాదిస్తే ఢిల్లీకి వినక తప్పలేదు. జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది, కాల్పులు జరిగిన ఒకటి రెండు రోజుల తేడాలోనే. తీర్పు ఇంకొక్క వారం ముందు వచ్చి ఉంటే అని ఆ గట్టు మీద అనుకోకుండా ఉండలేకపోయాను.

పెద్దాయన ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. బయటి నుంచి ఎవరు వచ్చినా దీక్షా శిబిరం నడిపింది సోంపేటవాళ్లేనని, ముందు నిలబడింది ఊళ్లోనే వైద్యం చేసే డాక్టరు అని. ఏళ్ల తరబడి సాగిన రిలే దీక్షల్లో రోజుకో ఊరు వంతు వేసుకుని కూర్చుందట. ఆడవాళ్లు వంటలు ముగించుకుని వచ్చేవారట. అంత కాలం మనుషులను బయటివాళ్లు రెచ్చగొట్టి కూర్చోబెట్టగలరా?

ఆటో నడిపే కుర్రాడిది వేరే మాట. అతని అన్న గల్ఫ్‌లో, తను కొన్నాళ్లు చెన్నైలో. "ప్లాంటు వద్దన్నారు, సరే అక్కా. వద్దన్నవాళ్లు వేరే పని ఏదైనా తెస్తారనుకున్నాం" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తిత్లీ తుపానుకు 2018లో వాళ్ల కొబ్బరి తోట నేలమట్టమైంది. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు ఆగాలి. ప్లాంటులో తనలాంటివాడికి వాచ్‌మన్ పని తప్ప ఏముండేది అని నేను అడిగితే, అది కూడా ఇప్పుడు లేదు కదా అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ప్లాంటు ఆగడం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతాను, అతని ప్రశ్న కూడా నాతోనే వచ్చింది.

సాయంత్రం బారువ వెళ్లాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, ఒడ్డు పొడవునా కొబ్బరి చెట్లు. విశాఖ బీచ్‌లో దొరకని ప్రశాంతత ఉంది. అలల లాగుడు ఎక్కువ, నీళ్లలోకి దిగకండి.

మర్నాడు తేలినీలాపురం. టెక్కలి నుంచి ఆటోలో వెళ్లాం. సోంపేట కంటే టెక్కలిలో బస బాగుంది, వేడినీళ్లు వచ్చాయి. ఊరి మధ్య చెట్ల మీదే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా చెబుతుంది. ఆ పిట్టలు రాకపోతే ఆ ఏడు మంచిది కాదని వాళ్ల నమ్మకం. పొద్దున ఏడులోపు వెళితే గూళ్ల నుంచి లేచే గుంపులు కనిపిస్తాయి. బైనాక్యులర్ మీరే తీసుకెళ్లండి.

అవి మేతకు వెళ్లేది తంపర అనే చిత్తడి నేలలకు, నౌపడా ఉప్పు కయ్యలవైపు. కాకరాపల్లి థర్మల్ ప్లాంటు తలపెట్టింది ఆ తంపరలోనే. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు జరిగాయి, అక్కడా ప్రాణాలు పోయాయి. వడ్డితాండ్రలో ఇళ్లు కాలిపోయాయి. ఆ ప్లాంటు నుంచి ఇప్పటికీ ఒక్క యూనిట్ కరెంటు రాలేదు. వడ్డితాండ్రలో టీ పోసిన పెద్దావిడ మాటల్లో సోంపేటలో విన్న ధైర్యం లేదు, అలసట ఉంది. "అప్పట్లో వచ్చినవాళ్లు పిట్టల గురించి చాలా అడిగేవారమ్మా. కాలిన ఇంటి గురించి మేమే చెప్పుకోవాల్సి వచ్చేది" అంది. పక్షుల కోసమే వచ్చిన అక్క తల దించుకుంది. అక్కడ మేము ఫొటో ఒక్కటీ తీయలేదు, తియ్యమని ఆమె అనలేదు, మేమూ అడగలేదు.

ఈ యాత్రలో ఒక్క చోటికే వీలుంటే బీలకు వెళ్లండి. రెండు రోజులుంటే రెండూ చూడండి, కానీ వడ్డితాండ్రకు ఊరికే కెమెరాతో వెళ్లకండి.

సోంపేట వదిలే ముందు ఆ పెద్దాయన బస్టాండుకు వచ్చారు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన చీటీ తీశారు. మూడు సర్వే నంబర్లు, నోటుపుస్తకం కాగితం మీద, మనవరాలి చేతిరాతలో. "మీది విజయవాడే కదా. ఇప్పుడు పై రికార్డులో ఏమని రాసుందో చూడగలరా? బీల అని ఉందా, ఇంకా బీడు అనే ఉందా?" అని అడిగారు. కనుక్కుని ఫోను చేస్తానని మాట ఇచ్చాను. చీటీ నా బల్ల మీద ఉంది. వచ్చే సోమవారం సెలవు పెట్టి వెళుతున్నాను.