వేడంతాంగల్ మేలా, పళ్లికరణై మేలా?

ధనుర్మాసం వచ్చిందంటే చెన్నైలో మా వేళచ్చేరి తెలుగువాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "అక్కా, పండక్కి ఊరి నుంచి పిల్లలొస్తున్నారు. పక్షుల్ని చూపించాలంటే వేడంతాంగల్ తీసుకెళ్లమంటావా, మన పక్కనున్న పళ్లికరణై చిత్తడినేల చాలంటావా?"

పిల్లలు రెండు రోజులే ఉండేట్టయితే వేడంతాంగల్‌కే వెళ్లండి. చెన్నై నుంచి 80 కిలోమీటర్ల లోపే. 75 ఎకరాల చిన్న చెరువు, నీళ్లలో నిలబడ్డ చెట్లు, కొమ్మకొమ్మకూ గూళ్లు. గూడబాతు (పెలికన్) పిల్ల తల్లి నోటి సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపలు లాక్కుంటుంటే కళ్లు తిప్పుకోలేం. సాయంత్రం నాలుగింటికి చేరితే మేతకెళ్లిన కొంగలన్నీ గుంపులుగా తిరిగొచ్చేది చూడొచ్చు. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. అందుకే ఊరివాళ్లు తరాలుగా ఆ పక్షుల్ని కాపాడుకుంటున్నారు. వాటిని ఎవరూ వేటాడకూడదని 1798లోనే చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ చేత కాగితం రాయించుకున్నారని చెప్తారు.

వెళ్లేముందు ఈశాన్య రుతుపవనాలు ఎలా కురిశాయో కనుక్కోండి. వానలు ముఖం చాటేసిన ఒక ఏడు మా అన్నయ్య పిల్లల్ని తీసుకెళ్లాను. బీటలు వారిన చెరువు, ఖాళీ కొమ్మలు. చిన్నది "పక్షులేవత్తా?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచలేదు.

చెన్నైలోనే కాపురం ఉండేవాళ్లు అడిగితే మాత్రం నా ఓటు పళ్లికరణైకే. అక్కడ చెత్తకుప్ప ఉంది, వాసన వస్తుంది, పక్కనే లారీల రొద. అన్నీ నిజమే. కానీ మా ఇంటి నుంచి పావుగంట. నాకు తేల్చే విషయం అదే. ఎన్నిసార్లయినా వెళ్లగలమా? ఒక్కసారి వెళ్తే పక్షులు కనిపిస్తాయి, నాలుగు నెలలు వెళ్తే వాటి బతుకు కనిపిస్తుంది.

జకానానే తీసుకోండి. తామరాకుల మీద నడిచే పక్షి. బారెడు కాలివేళ్లతో ఆకు మునిగేలోపు ఇంకో ఆకు మీదకు అడుగేస్తుంది. జనవరిలో చూస్తే గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట, పొట్టి తోక. ఎవరూ రెండోసారి చూడరు. ఎండలు ముదిరాక వెళ్లండి. ఒళ్లు ముదురు చాక్లెట్ రంగు, రెక్కలు తెలుపు, మెడ వెనక బంగారు పూత, వంపు తిరిగిన పొడుగాటి నల్లతోక. రెండూ ఒకటేనంటే మావారు నమ్మలేదు. గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగపక్షే అని చెప్తే అసలే నమ్మలేదు.

ఫ్లెమింగోల సంగతీ అంతే. వానలకు నిండిన నీరు మోకాలి లోతుకు దిగితేగానీ అవి బురదలో ముక్కు పెట్టి మేయలేవు. డిసెంబరులో ఒక్కటీ కనిపించని చోటే నీరు తగ్గాక గులాబీరంగు వరస కడుతుంది. దారిన పోతూ రోడ్డు మీంచే నీళ్లెంత దిగాయో చూసుకోవచ్చు. వేడంతాంగల్‌కి ఆ వీలెక్కడిది?

గిండీ పార్కులో జింకల్ని చూడొచ్చు, అంతకుమించి నేను చెప్పేదేం లేదు. రైల్లో సూళ్లూరుపేట దాకా వెళ్లగలిగితే నేలపట్టు ఉంది. గూడబాతుల గూళ్లకు అది వేడంతాంగల్‌కేమీ తీసిపోదు, పైగా పిల్లలకు తెలుగు బోర్డులు చదువుకునే సంబరం.

తాబేళ్ల నడకను, అంటే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే సముద్రపు తాబేళ్ల కోసం బీచిలో మనం నడిచే నడకను, వీటితో పోల్చలేను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, అర్ధరాత్రి వేళ, నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ వైపు ఇసుకలో ఏడు కిలోమీటర్లు. 1988 నుంచి విద్యార్థులు నడుపుతున్నారు. తల్లి తాబేలు కనిపిస్తుందన్న హామీ లేదు. ఇసుకలోంచి తీసిన గుడ్డు మాత్రం నేను చూశాను, అచ్చం పింగ్‌పాంగ్ బంతి. పదేళ్లు దాటిన పిల్లల్నే తీసుకెళ్లండి, మధ్యాహ్నం బాగా పడుకోబెట్టి మరీ.