మే నెల ఎండను తట్టుకున్న స్వాబ్ ట్యూబు

యోని సూక్ష్మజీవుల అధ్యయనం కోసం, డీఎన్‌ఏను గది వేడిలోనే కాపాడే ద్రవం నింపిన స్వాబ్ (నమూనా తీసే దూది పుల్ల) ట్యూబులను మా బృందం కొన్నేళ్లుగా వాడుతోంది. ధర, పరిమాణం కేటలాగులో ఎలాగూ ఉంటాయి. నాకు ఈ ట్యూబు మీద ఇంత అభిమానం కలగడానికి కారణం ఒక్కటే, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు లేని ఊళ్లకు కూడా ఇది మమ్మల్ని వెళ్లనిచ్చింది.

ఒక మే నెలలో గ్రామీణ ఆరోగ్య కేంద్రం నుంచి పంపిన పెట్టెలు కొరియర్ గోదాములో వారాంతమంతా ఉండిపోయాయి. ప్రతి మహిళ నుంచి రెండేసి స్వాబులు తీసుకుని, ఒకదాన్ని పొడిగా డ్రై ఐస్‌లోనూ, మరొకదాన్ని ఈ ద్రవంలోనూ పెట్టాం. తెరిచి చూసేసరికి డ్రై ఐస్ ఆనవాలు లేదు, పొడి స్వాబులు వెచ్చబడి ఉన్నాయి. అలా కరిగిన నమూనాలో కొన్ని జాతుల కణాలు పగిలిపోతాయి, మరికొన్ని పెరుగుతాయి. ఆపైన సీక్వెన్సింగ్‌లో, అంటే డీఎన్‌ఏ క్రమాన్ని చదివినప్పుడు, కనిపించేది ఆమె శరీరంలోని స్థితో, పెట్టెలో వచ్చిన మార్పో తేల్చలేం. ద్రవంలో ఉన్న స్వాబుల ఫలితాలను మాత్రం, సేకరణ రోజే తయారుచేసిన గ్రామ్ స్టెయిన్ స్లైడులతో (బ్యాక్టీరియాకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూసేవి) సరిచూశాం. ఆ స్లైడుల్లోని బ్యాక్టీరియా రకాలను బట్టి ఇచ్చే న్యూజెంట్ స్కోరు 0 నుంచి 3 వరకు (ఆరోగ్యకర స్థితి) ఉన్నవారిలో మేలుచేసే లాక్టోబాసిల్లస్ జాతులదే ఆధిక్యం, 7 గాని అంతకు మించి గాని (బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అనే జబ్బు) ఉన్నవారిలో ఆ జబ్బులో పెరిగే గార్డ్‌నరెల్లా, ప్రివోటెల్లా ప్రముఖంగా ఉన్నాయి. సంకోచాన్ని పక్కనపెట్టి, తామే స్వాబు తీసుకుని ఇచ్చిన ఆ మహిళలను మళ్లీ అడగవలసిన అవసరం రాలేదు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

అయితే, తొలి ఏడాది తోటివారికి దీన్ని గురించి చెప్పినంత ధారాళంగా ఇప్పుడు చెప్పను. ఈ ద్రవం కణాలను చంపి డీఎన్‌ఏను నిలుపుతుంది, ప్రోటీన్ల ఆకృతిని చెడగొడుతుంది. కనుక లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్‌ను సజీవంగా పెంచాలన్నా, సైటోకైన్లను (రోగనిరోధక వ్యవస్థ సంకేత ప్రోటీన్లను) కొలవాలన్నా ఈ ట్యూబు పనికిరాదు. అలా సజీవంగా పెంచే కల్చర్ కోసం ఇంకో స్వాబును గ్లిసరాల్ కలిపిన మాధ్యమంలో ఉంచి గడ్డకట్టించాల్సిందే. లాక్టోబాసిల్లస్ కణాల మందపాటి గోడలు ఈ ద్రవంతోనే పూర్తిగా విడిపోవు. సన్నని పూసలతో చితక్కొట్టే దశను వదిలేస్తే వాటి వాటా తక్కువగా తేలవచ్చు. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి: మేము వాడే ద్రవంలో గ్వానిడిన్ లవణం ఉంటుంది, ఒలికినప్పుడు దాన్ని బ్లీచ్‌తో తుడిస్తే విషవాయువులు వెలువడతాయి.

క్లినిక్, ల్యాబ్ ఒకే ఆవరణలో ఉండి, కరెంటు పోయినా ఆగని ఫ్రీజరు ఉన్నవారికి పొడి స్వాబే మేలు కావచ్చు. మాలాగా దూరం నుంచి నమూనాలు తెచ్చుకుంటూ, డీఎన్‌ఏకు సంబంధించిన ప్రశ్నలకే పరిమితమయ్యేవారు దీన్ని ఎంచుకోవచ్చు గాని, అధ్యయనం మధ్యలో మాత్రం పద్ధతి మార్చకూడదు, ఎందుకంటే నిల్వలోని తేడా ఫలితాల్లో జబ్బు తేడాలా కనబడుతుంది.