తండ్రి పీఠంపై తనయులు: అర్జున్ ప్రసాద్, భరత్

తండ్రి మరణంతో ఖాళీ అయిన ముఖ్యమంత్రి పీఠాన్ని ఎక్కిన కథానాయకులలో నాకు అత్యంత ఇష్టమైనవారు ఇద్దరు: శేఖర్ కమ్ముల 2010లో తీసిన ‘లీడర్’లోని అర్జున్ ప్రసాద్, కొరటాల శివ 2018లో తీసిన ‘భరత్ అనే నేను’లోని భరత్. ఇద్దరూ విదేశం నుంచి హైదరాబాద్‌కు తిరిగివచ్చినవారే.

భరత్‌కు పదవి కోరకుండానే దక్కింది. పార్టీలో కుమ్ములాటను ఆపడానికి పార్టీ పెద్ద వరదరాజులు అతణ్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరికీ రుణపడలేదు కాబట్టే అతను ట్రాఫిక్ జరిమానాలను ఒక్కసారిగా వేలల్లోకి పెంచి, విమర్శలకు జంకకుండా నిలబడగలిగాడు. ఎర్రదీపం వెలిగినా ఆగని బండ్లను అమీర్‌పేట కూడలిలో రోజూ చూసేవారికి ఆ ఘట్టం ఇచ్చే తృప్తి అంతా ఇంతా కాదు.

అయినా నా మొగ్గు అర్జున్ వైపే. తండ్రి కూడబెట్టిన అక్రమ సొమ్ముతోనే శాసనసభ్యుల మద్దతు కొని గద్దెనెక్కి, ఆ తరువాత అవినీతిపైనే యుద్ధం ప్రకటించిన అతనికి వారసత్వంగా వచ్చింది కుర్చీ ఒక్కటే కాదు, దానికి అంటిన మరక కూడా. భరత్‌కు శత్రువు ఎదుట ఉంటాడు. అర్జున్ మాత్రం, మంచి పని కోసం ఎంతవరకు రాజీ పడవచ్చునన్న ప్రశ్నతో తనలో తానే పోరాడుతాడు. రానా తన తొలి చిత్రంలోనే ఆ సంఘర్షణను గొంతు పెంచకుండా, నిబ్బరంగా పలికించిన తీరు నన్ను ఇప్పటికీ కట్టిపడేస్తుంది.